కుల్యాష్ కిటికీలో మేమంతా

మా లైబ్రరీకి వచ్చేవాళ్ళని కుల్యాష్ అక్క మొహం చూసి కాదు, కోటు చూసి గుర్తుపట్టేది. గుమ్మం పక్కన పొడవాటి బల్ల వెనక నిలబడి కోటు అందుకోవడం, కొక్కేనికి తగిలించడం, నెంబరు బిళ్ళ చేతిలో పెట్టడం ఆమె ఉద్యోగం. మా బొగ్గుగనుల ఊరు కరగండాలో అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా కోటు లేకుండా ఎవరూ గడప దాటరు. ఆ ఏడు నెలలూ ఆమెకు కాసేపు కూర్చునే తీరిక కూడా ఉండేది కాదు.

"ఆ కుందేలు బొచ్చు కాలరావిడ రెండు వారాలుగా రాలేదు. ఒంట్లో బాగాలేదేమో, ఒకసారి ఫోన్ చేసి కనుక్కో మాయ్రా" అనేది నాతో.

నేను పై అంతస్తులో రీడింగ్ రూమ్ చూసుకునేదాన్ని. ఇద్దరం పదకొండేళ్ళు ఒకే కప్పు కింద పనిచేశాం. వాళ్ళకోసం, వీళ్ళకోసం ఎన్నోసార్లు అడిగింది గానీ తనకోసం ఫలానాది కావాలని ఆమె అడగగా నేను వినలేదు. చలికి ముడుచుకుపోయి ఉందని నేనే టీ పట్టుకెళ్ళి ఇస్తే, మర్నాడు నా బల్ల మీద కాగితం పొట్లంలో ఎండబెట్టిన పెరుగు ఉండలు నాలుగు ఉండేవి. ఎందుకక్కా ఇవన్నీ అంటే, "ఊరికే తాగానని ఉండకూడదు కదా" అనేది. చిన్నప్పుడే తల్లి పోతే బల్ఖాష్ సరస్సు దగ్గర మేనమామ ఇంట్లో పెరిగింది. ఏడుగురు పిల్లల మధ్య ఎనిమిదో కంచం ఆమెది. ఎవరి చేతిలోంచి ఏది తీసుకున్నా వెంటనే ఏదో ఒకటి తిరిగి పెట్టేయాలన్న ఆత్రం ఆ ఇంట్లోనే ఒంటబట్టి ఉంటుంది.

నెలలో చివరి ఆదివారం మా రీడింగ్ రూమ్‌లో సక్యులెంట్ల మార్పిడి జరిగేది. కండపట్టిన ఆకులతో కిటికీ గట్టు మీద కూర్చుని, ఏడాదికి నాలుగు చెంచాల నీళ్ళతో బతికేసే మొక్కలంటే మా ఊళ్ళో చాలామందికి పిచ్చి. బయట ఆరునెలలు ఏ పచ్చనిదీ కనపడదు కదా. ఒకరు కొమ్మ తెస్తారు, ఇంకొకరు పిలక ఇస్తారు. డబ్బు మాట ఎత్తకూడదు. చలి మైనస్ ఇరవై అయిదు ఉన్నా ఎవరూ మానేవారు కాదు. కోటు విప్పి కుల్యాష్ అక్కకి ఇవ్వబోతూ, ముందు చొక్కా లోపల గుండెల దగ్గరనుంచి పెరుగు కప్పులో నాటిన మొక్కనో, మేజోడులో చుట్టిన కొమ్మనో బయటికి తీసేవారు. ఆ కోట్ల లోపలంతా మట్టి వాసన వేసేది.

అందరూ వెళ్ళాక గది ఊడ్చేది ఆమే. బల్లల కింద ఆకులు రాలి పడి ఉండేవి, బటానీ గింజంతవి, బొటనవేలంతవి. అందరూ వాటిని చెత్త అనుకునేవారు. ఓ జనవరిలో వాటిలో ఒక ఆకు ఆమె చెత్తబుట్టలో వేయలేకపోయింది. బూడిద రంగు, పైన వెన్నలాంటి పూత, అంచున సన్నని గులాబీ గీత. ఏప్రన్ జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళి, చేపల డబ్బా మూతలో ఇసక పోసి, దాని మీద పడుకోబెట్టింది. మూడు వారాలకి ఆకు మొదట్లో దారప్పోగుల్లాంటి ఎర్రటి వేళ్ళు వచ్చాయి. తరువాత ఆవగింజంత బుడిపె. ఆ బుడిపె మెల్లగా విచ్చుకుని చిన్న గులాబీలా తయారైంది.

భర్త ఒరాజ్ గనిలో కరెంటు పనిచేసి రిటైరైన మనిషి. గొంతు పెద్దది, మనసు మెత్తనిది. "ఏమే, ఆ డబ్బా మూతలో ఏం కాపురం పెట్టావు? ఒక్క టమాటా అయినా కాస్తుందా దానికి?" అని ఎగతాళి చేసేవాడు. ఎగతాళి చేస్తూనే, బాయిలర్ల దగ్గర పారబోసిన బొగ్గు చిట్టెం బకెట్లతో తెచ్చి, జల్లించి, కడిగి ఇచ్చేవాడు. కుండీ అడుగున ఆ చిట్టెం వేస్తే నీళ్ళు నిలవవని ఆమె ఎక్కడో చదివింది. తెమ్మని ఆయన్ని అడగలేదు. ఆ ముక్క పైకి చదివిందంతే.

రెండు చలికాలాలు అలా ఊడ్చిన ఆకులే పెంచింది. పైకి వచ్చి మార్పిడిలో కూర్చోమంటే, "నా దగ్గరేముంది, మీరు పారేసినవేగా" అనేది. మూడో ఏడు అక్టోబరులో, నేను పదిసార్లు పోరితే, అట్టపెట్టెలో పదకొండు కప్పులు పెట్టుకుని మెట్లెక్కింది. ఎవరైనా వస్తే కొట్టమని కింద బల్ల మీద గంట పెట్టి వచ్చింది.

ఇర్మా గెన్రిఖొవ్నా ఆమె పెట్టెలోకి తొంగిచూసింది. ఇర్మా బడిలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన జర్మనావిడ. డెబ్భై దాటినా కర్రలా నిటారుగా ఉంటుంది. ఆవిడంటే మాకందరికీ కాస్త భయం. ఆ బూడిద రంగు మొక్కని పైకెత్తి, "ఇది నీకెక్కడిది?" అని అడిగింది.

కుల్యాష్ అక్క చెవుల దాకా ఎర్రబడింది. "నేలమీద దొరికింది టీచరుగారూ, ఊడుస్తుంటే. మీదేనని తెలుసు. తెచ్చిచ్చేద్దామనుకున్నా... అప్పటికి ఒట్టి ఆకే కదా, ఏమని ఇవ్వను?"

"కొట్టేసిన మొక్కే బాగా బతుకుతుందంటారు, అందుకే అంత బలిసింది! నాకూ ఓ రెండు కొట్టేసి పెట్టు వదినా" అంది వేరా తెన్. బజారులో క్యారెట్ సలాడ్లు అమ్మే కొరియన్ మనిషి, మా గుంపులో నోరు మూతపడనిది ఆవిడకే. అందరూ నవ్వారు. ఇర్మా నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"మార్చిలో నా తల్లి మొక్క పోయింది. వేళ్ళకి పిండినల్లి పట్టింది. దీని పిల్ల ఊళ్ళో ఇంకెక్కడా లేదనుకున్నాను" అంది.

కుల్యాష్ అక్క వెంటనే కప్పు మొత్తం ఆవిడ ముందుకి తోసింది. ఇర్మా మళ్ళీ వెనక్కి తోసింది. "పక్కన పిలక ఉందిగా, అది చాలు నాకు. ఇది నీ చేతిలో బతికింది, నీ దగ్గరే ఉండాలి. మాయ్రా, వచ్చే నెలనుంచి ఈవిడకి నా పక్కన కుర్చీ వెయ్యి."

ఆ తరువాత ఏడేళ్ళలో కుల్యాష్ అక్క ఇంట్లో మూడు కిటికీల గట్లూ నిండిపోయాయి. అరవై నాలుగు కప్పులు. ఎవరి మొక్క చచ్చిపోయినా, "కుల్యాష్ దగ్గర దాని పిల్ల ఉండే ఉంటుంది" అనేవాళ్ళం. ఉండేది కూడా. ఒకటి తీసుకుంటే రెండు ఇచ్చేది. పుచ్చుకున్న రోజు మాత్రం కాస్త కంగారుగా ఉండేది, తిరిగి ఇచ్చేదాకా.

గడిచిన కొత్త సంవత్సరానికి రెండు రోజుల ముందు ఆమె ఎడమ కంటి వెనకపొర ఊడింది. ఒక మూలనుంచి నల్ల తెర దిగుతున్నట్టుందని అంటే, డాక్టరు వెంటనే రాజధాని అస్తానా పొమ్మన్నాడు. అక్కడ కూతురు ఉంది. ఆపరేషను, బోర్లా పడుకోవడం, పరీక్షలు, అన్నీ కలిపి అయిదారు వారాలు పడుతుందన్నారు. రైలెక్కే ముందు ఒరాజ్‌తో చెప్పింది. "ఏమయ్యా, మొక్కల జోలికి పోకు. చలికాలం వాటికి నీళ్ళక్కర్లేదు. ఏమీ చెయ్యొద్దు, వాటి మానాన వాటిని వదిలెయ్."

జనవరి చివరి ఆదివారం నేను రీడింగ్ రూమ్‌లో కుర్చీలు సర్దుతుంటే ఒరాజ్ వచ్చాడు. లైబ్రరీలోకి ఆయన రావడం అదే మొదటిసారి. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. రెండో చేతిలో ప్లాస్టిక్ సంచి. అప్పటికే అందరూ వచ్చి కూర్చున్నారు.

"అమ్మాయ్, ఇందులో ఎవరైనా మొక్కల డాక్టరు ఉన్నారా?" అని అడిగాడు.

సంచిలోంచి ఒక కప్పు తీశాడు. ఆకులు గాజులా పారదర్శకంగా మారిపోయి, ముట్టుకోగానే ఊడి బల్ల మీద పడ్డాయి. కాండం నల్లగా కుళ్ళింది. వేరా వాసన చూసి ముక్కు మూసుకుంది.

"ఏం పోశావు అన్నయ్యా దీనికి?"

"నీళ్ళే. చన్నీళ్ళు కాదు, గోరువెచ్చనివి."

"ఎన్నాళ్ళకోసారి?"

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి."

అంబులెన్స్ నడిపే రుస్లాన్ మెల్లగా అడిగాడు. "అన్నిటికీనా? ఆ రాళ్ళలా ఉంటాయే, వాటిక్కూడానా?"

"వాటికి కాస్త ఎక్కువే పోశా. పాపం, మరీ ఎండిపోయినట్టు కనపడితేనూ."

రుస్లాన్‌కి నవ్వు ఆగలేదు. వేరా కూడా మొదలుపెట్టింది. కానీ ఒరాజ్ మొహం చూసి ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. అంత మనిషీ టోపీని రెండు చేతులతో నలుపుతూ నిలబడ్డాడు.

"వద్దని చెప్పే వెళ్ళింది. చెప్పలేదనను. కానీ నలభై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నోట 'నాకేం వద్దు' అన్నమాట తప్ప నేనేం విన్నాను? జ్వరమొస్తే నాకేం వద్దు. పుట్టినరోజుకి నాకేం వద్దు. బూట్లు చిరిగితే నాకేం వద్దు. ఇదీ ఆ లెక్కే అనుకున్నా. పైకి వద్దంటుంది గానీ, వచ్చి చూసుకుని సంతోషిస్తుందని... అరవై నాలుగుకి తొమ్మిదే మిగిలాయి. పన్నెండు రోజుల్లో వస్తోంది. ఎంతైనా ఇస్తాను, మీ దగ్గరున్నవి అమ్మండి."

"ఇక్కడ అమ్మడాలు లేవు" అంది ఇర్మా.

ఆయన తల ఊపి సంచి సర్దుకున్నాడు. లేదన్నాక ఇంక పోవడమే అనుకున్నాడు కాబోలు.

"ఎక్కడికి పోతున్నారు? కూర్చోండి" అంది ఇర్మా, తరగతిలో పిల్లాడికి చెప్పినట్టు. ఆయన కూర్చున్నాడు.

వేరా తను మార్పిడికి తెచ్చిన మూడు కప్పులూ ఆయన ముందు పెట్టింది. రుస్లాన్ జేబులోంచి రణపాల కొమ్మలు తీశాడు. నేను నా కిటికీ దగ్గరకెళ్ళి, కుల్యాష్ అక్క ఇచ్చినదాన్నుంచి పెరిగిన మొక్కని సగానికి విరిచి తెచ్చాను. ఒకరి తరువాత ఒకరు లేచారు. ఆ ఆదివారం ఎవరూ ఎవరితోనూ మార్చుకోలేదు, తెచ్చినవన్నీ ఆయన ముందుకే వెళ్ళాయి.

ఒరాజ్ మొదటి కప్పు అందుకుని, "రహ్మెత్ చెల్లెమ్మా" అని మా భాషలో కృతజ్ఞత చెప్పాడు.

"అయ్యో! అనకు!" అని వేరా అరిచింది. గది మొత్తం అరిచింది. మొక్కకి రహ్మెత్ చెప్పకూడదు, చెబితే వేరు పట్టదు. మా దగ్గర చంటిపిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. ఎన్నడూ మొక్క పుచ్చుకోని మనిషికి ఎలా తెలుస్తుంది?

రెండో కప్పుకి మళ్ళీ నోరు జారింది. మళ్ళీ అరిచారు. మూడోదానికి అరచేత్తో నోరు మూసుకున్నాడు. అలా ముప్ఫై ఏడు. ఒక్కొక్కటి అందుకోవడం, తల ఊపడం, మొహం ఇంకాస్త ఎర్రబడటం. చివరికొచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, మొక్కలకి అవైనా పడతాయో, రహ్మెత్‌లాగే అవీ కూడదో అడగలేక తుడిచేసుకున్నాడు. ఏది ఎవరిదో మరిచిపోకూడదని నా దగ్గర తెల్ల టేపు తీసుకుని, ఒక్కో కప్పు మీద ఇచ్చినవాళ్ళ పేరు రాసుకున్నాడు. మొక్కల పేర్లు ఆయనకి తెలియవు.

ఇర్మా వేరే రెండు కప్పులిచ్చింది గానీ బూడిద రంగు మొక్క మాత్రం ఇవ్వలేదు. "అది మీ చేతికివ్వను, ఒక్క రోజులో ముంచేస్తారు. ఆవిడ వచ్చాక ఆవిడకే ఇస్తాను. ఈలోగా గురువారం మా ఇంటికి రండి, నీళ్ళు పోయకుండా ఉండటం నేర్పిస్తాను" అంది.

బయట మైనస్ ఇరవై ఏడు. చేతుల్లో పట్టుకెళ్తే బస్టాపుకి చేరేలోపే గడ్డకట్టిపోతాయి. అందుకని ఆయన్ని గది మధ్యలో నిలబెట్టి, కోటు తొడిగి లోపలంతా కూరాం. జేబుల్లో, స్వెటరు మడతల్లో, చంకల కింద, టోపీలో. మఫ్లరులో కొమ్మలు చుట్టాం. గడ్డివాములా తయారయ్యాడు. చేతులు కిందకి దించలేడు, నడుం వంచలేడు.

తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. మా వైపు చూడకుండా పైన దీపాల వైపు, రేడియేటరు వైపు చూశాడు.

"ఈ గది చాలా వెచ్చగా ఉంది. ఈ గదికి రహ్మెత్ చెప్పొచ్చా?" అన్నాడు.

"గదికి చెప్పుకోవచ్చు" అంది ఇర్మా.

"రహ్మెత్" అన్నాడు. వేరా అటు తిరిగి ముక్కు చీదుకుంది.

ఇంటిదాకా నేను తోడు వెళ్ళాను. బస్సులో కుర్రపిల్ల ఒకతె లేచి, "తాతగారూ, కూర్చోండి" అంది. "వద్దు తల్లీ, నేను కూర్చుంటే ముప్ఫైమంది నలిగిపోతారు" అన్నాడు. ఆ పిల్ల బెదిరిపోయి నా వైపు చూసింది. కిటికీ గట్టు మీద అన్నీ దించాక లెక్కపెట్టుకుంటే ఒక్కటీ చెడలేదు.

ఫిబ్రవరిలో కుల్యాష్ అక్క తిరిగొచ్చింది. ఆ రోజు ఇంట్లో జరిగింది తరువాత ఆమే నాకు చెప్పింది. కూతురి చేయి పట్టుకుని లోపలికి వచ్చింది. ఎడమ కన్నుకి ఇంకా వెలుగూ నీడా తప్ప కనపడటం లేదు. కుడి కన్నుకి బలం తక్కువ. ఒరాజ్ ఆమె కోటు అందుకుని, గొంతు సవరించుకుని, "ఇదిగో, నీ మొక్కలు. నువ్వు చెప్పినట్టే వాటి మానాన వదిలేశా. కాస్త రూపు మారాయేమో, చలికాలం కదా" అన్నాడు.

ఆమె కిటికీ దగ్గరకెళ్ళి ఒక కప్పు ఎత్తి కుడి కంటి దగ్గర పెట్టుకుంది. కాసేపు చూసింది.

"ఏమయ్యా, నా కప్పు మీద 'వేరా' అని ఎందుకుంది?"

అన్నీ సర్దాడు, తుడిచాడు, వరుసలో పెట్టాడు. టేపులు పీకడం మాత్రం మరిచిపోయాడు. ఇంక దాచలేక మంచం అంచున కూర్చుని మొత్తం చెప్పేశాడు. నీళ్ళు, గోరువెచ్చనివి, రెండు పూటలు, రాళ్ళకి కాస్త ఎక్కువ.

ఆమె కోపం తెచ్చుకోలేదు. ఒక్కో కప్పూ ఎత్తి పేరు చదువుతూ పోయింది. రుస్లాన్. ఇర్మా రెండో కప్పు. మాయ్రా. సగానికొచ్చేసరికి చదవడం ఆపి కప్పు కింద పెట్టేసింది. కోపం వల్ల కాదు, మేనమామ ఇంట్లో పట్టుకున్న ఆ పాత కంగారు వల్ల. ఇంతమంది చేతుల్లోంచి ఇంత వచ్చింది, తిరిగి పెట్టడానికి తన దగ్గర మిగిలిన ఆ తొమ్మిదీ ఏ మూలకీ చాలవు.

ఆ నెల చివరి ఆదివారం కూతురు వేయించిన రొట్టె ఉండలు ఇంత పళ్ళెం పట్టుకుని మెట్లెక్కింది. కూర్చోకుండానే మొదలుపెట్టింది. "ముప్ఫై ఏడు. ఎవరివి ఎవరికి ఎలా తీర్చాలో నాకు తోచడం లేదు. వేసవికల్లా పిలకలొస్తే ముందుగా..."

"ఏమిటి తీర్చేది?" వేరా అడ్డుపడింది. "నీకిచ్చామని ఎవరు చెప్పారు వదినా? మీ ముసలాయన మొహం చూడలేక ఇచ్చాం. తీర్చుకుంటే ఆయన తీర్చుకోవాలి, నీకెందుకు మధ్యలో?"

"కూర్చో" అంది ఇర్మా. బూడిద రంగు మొక్కని ఆమె ఒళ్ళో పెట్టింది. "ఇది పట్టుకుని ఊరికే కూర్చో. ఇవాళ ఏమీ ఇవ్వకు. చూద్దాం చేతనవుతుందో లేదో."

కుల్యాష్ అక్క కూర్చుంది. రెండు చేతులూ ఆ కప్పు చుట్టూ పెట్టుకుని, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా, చివరిదాకా కూర్చుంది. ఒకసారి నవ్వు, ఒకసారి ఏడుపు వచ్చాయి. కంటికి మంచిది కాదని ఏడుపు మాత్రం ఆపుకోమన్నాం.

అందరూ వెళ్ళాక నాతో అంది. "ఇన్నేళ్ళూ ఏదీ అడక్కపోవడం మంచితనమనుకున్నాను మాయ్రా. నేను అడిగితే కదా, నాకేం కావాలో ఏం అక్కర్లేదో ఆయనకి తెలిసేది. పాపం, నా మాటలో ఏది నిజమో తేల్చుకోలేక నీళ్ళు పోస్తూ కూర్చున్నాడు." మళ్ళీ తనే అంది. "తెల్లారగానే లేచి అరవై నాలుగుకీ నీళ్ళు కాచాడట. అరవై నాలుగుకీ! నాకోసం అంత పని ఎవరైనా చేస్తారని నేను అనుకోలేదు."

ఇప్పుడు అడుగుతుంది. "ఏమయ్యా, ఆ తెర జరుపు" అంటుంది. "ఇవాళ నాకు చేప తినాలనుంది" అంటుంది. మొదట్లో ఒరాజ్ కంగారుపడి, "ఒంట్లో బాగుందా నీకు?" అని అడిగేవాడట. కోట్ల దగ్గర ఉద్యోగం మానేసింది, కంటికి బరువులు పనికిరావన్నారు. మార్పిడికి మాత్రం ఇద్దరూ కలిసి వస్తారు. ఎడమ కన్ను కొంత తేరుకుంది, పెద్ద అక్షరాలు చదవగలుగుతోంది.

కప్పుల మీది టేపులు వాళ్ళు తీయలేదు. మొన్న మే నెలలో నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఒరాజ్ కిటికీ దగ్గర నిలబడి, "ఏమే, వేరాకి ఎండ సరిపోవడం లేదు, మెడ సాచింది. రుస్లాన్ బాగానే ఉన్నాడు, పిల్లలు కూడా పెట్టాడు" అని చెబుతున్నాడు. కుల్యాష్ అక్క నన్ను చూసి చేయి పట్టుకుని గట్టు చివరికి తీసుకెళ్ళింది.

"ఇదిగో చూడు, నువ్వు ఎంత లావయ్యావో!" అంది.

నిజమే. కప్పు పట్టకుండా ఉన్నాను. పెద్ద కుండీలోకి మార్చాలని, చిట్టెం తెమ్మని ఆమె ఒరాజ్‌ని కేకేసింది.